గ్రాఫిక్ డిజైన్ చరిత్రను చేతులతో చదివే పద్ధతి

గ్రాఫిక్ డిజైన్ చరిత్ర నేర్చుకోవాలనుకునేవారిలో చాలామంది ఉద్యమాల పేర్లతో మొదలుపెడతారు. ఆర్ట్ నువో, డాడా, బౌహౌస్, స్విస్ శైలి అని వరసగా రాసుకుని, ఒక్కోదాని పక్కన ఒక సంవత్సరం, ఒక నమూనా బొమ్మ చేర్చుకుని, ఆ పట్టికను కంఠస్థం చేస్తారు. పరీక్ష గట్టెక్కడానికి అది చాలు. కానీ ఎన్నడూ చూడని పోస్టరు ఒకటి ఎదురైనప్పుడు అది అలా ఎందుకు ఉందో చెప్పడానికి ఆ పట్టిక ఏమాత్రం సాయపడదు. ఇక్కడ సూచిస్తున్న పద్ధతి వేరు. ప్రతి నమూనాను నాలుగు ప్రశ్నలు అడగాలి: దీన్ని దేనిమీద చేశారు, ఏ పనిముట్టుతో చేశారు, ఎన్ని ప్రతులు కావలసివచ్చాయి, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? శైలి అని మనం పిలిచేది చాలావరకు ఈ నాలుగింటి జవాబుల్లోంచే పుడుతుందని నా నమ్మకం. ఎక్కడ పుట్టదో కూడా ముందుకు వెళ్లాక చూద్దాం.

కావలసిన సామగ్రి కొద్దిపాటిదే. గీతలు లేని పెద్ద నోటుపుస్తకం, ట్రేసింగ్ కాగితాలు, స్కేలు, పెన్సిలు, అంగుళం వెడల్పున్న చదును కుంచె, నల్ల సిరా, గుప్పెడు బంకమట్టి, పెద్ద రబ్బరు ముక్క, దాన్ని చెక్కడానికి చిన్న కత్తి, గళ్ల కాగితం ఉంటే సరిపోతుంది. కంప్యూటరు నమూనాలు చూడటానికి మాత్రమే. బ్రిటిష్ లైబ్రరీ, న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం వంటి సంస్థలు తమ సేకరణల్లో ఎన్నింటినో ఆన్‌లైన్‌లో ఉంచాయి. నోటుపుస్తకంలో ఎడమ పుట మీద నమూనాను గీసుకోండి, కుడి పుట మీద నాలుగు జవాబులు రాయండి. బొమ్మను ప్రింటు తీసి అతికించవద్దు. గీస్తున్నప్పుడు చేయి ఎక్కడెక్కడ తడబడుతుందో అక్కడే ఆ నమూనా రహస్యం ఉంటుంది, అతికించినవారికి అది ఎప్పటికీ తెలియదు.

మట్టితో ప్రారంభించండి. నేటి ఇరాక్‌లోని ఉరుక్ నగరంలో క్రీ.పూ. 3300 ప్రాంతం నుంచి కనిపించే తొలి రాతపలకలు కవిత్వం కోసమో ప్రార్థన కోసమో పుట్టినవి కావు. ధాన్యం, పశువులు, పనివారికిచ్చే బత్తెం లెక్కలకోసం పుట్టాయి. అరచేతిలో ఇమిడే మట్టిపలక చేసుకుని, దాని మీద పుల్లతో ఎద్దు తల బొమ్మ గీయడానికి ప్రయత్నించండి. పుల్ల వెనుక మట్టి గట్టులా పైకి లేచి వంపు గీతను పాడు చేస్తుంది. ఇప్పుడు అదే పుల్ల కొసను త్రికోణంగా చెక్కి, గీయడం మానేసి, అద్దండి. గుర్తు శుభ్రంగా పడుతుంది, పని త్వరగా సాగుతుంది, కాని బొమ్మ కాస్తా కొన్ని మేకుల గుంపుగా మారిపోతుంది. బొమ్మల రాత కొన్ని శతాబ్దాలలో మేకులిపిగా మారిన కథ మొత్తం మీకు ఈ పావుగంటలో అర్థమవుతుంది. ఆ పలకల మీద మరో సంగతి కూడా గమనించండి: ఒక్కో పద్దు ఒక్కో గడిలో ఉండేలా అడ్డగీతలు, నిలువుగీతలు గీసి ఉంటాయి. పుటను గళ్లుగా విభజించి సర్దే గ్రిడ్డు స్విట్జర్లాండులో పుట్టిందని ఎవరైనా అంటే ఈ గళ్లు చూపించవచ్చు.

ఈజిప్టును, ఫినీషియాను కొంత వేగంగానే దాటవచ్చు. పపైరస్ చుట్టల్లో బొమ్మ, రాత పక్కపక్కనే నడిచాయన్నది గుర్తుంచుకుంటే చాలు. ఫినీషియన్లు 22 హల్లులతో సరిపెట్టుకున్నారు, గ్రీకులు వాటికి అచ్చులను చేర్చారు. గుర్తుల సంఖ్య తగ్గేకొద్దీ ఒక్కో గుర్తు రూపం మీద శ్రద్ధ పెట్టే వీలు పెరిగింది. రాసే ఉపరితలం లిపిని మలుస్తుందనడానికి మరో సాక్ష్యం తాటాకు: ఈనె వెంట తిన్నని గీత లాగితే ఆకు చీలుతుంది కనుకనే గంటంతో రాసిన లిపులు గుండ్రదనం సంతరించుకున్నాయని ఎక్కువగా చెప్పే వివరణ.

రోము దగ్గర మాత్రం తీరికగా ఆగండి. క్రీ.శ. 113లో పూర్తయిన ట్రాజన్ స్తంభం పీఠం మీది శాసనంలోని పెద్దక్షరాలను రెండువేల ఏళ్ల తరువాత కూడా అక్షరశిల్పులు కొలతబద్దగా చూస్తారు. 1989లో కరోల్ ట్వాంబ్లీ వాటి ఆధారంగానే ట్రాజన్ అనే ఫాంటును రూపొందించారు. రాతి మీది అక్షరాల చివర ఆ చిన్న పాదాలు, అంటే సెరిఫ్‌లు, ఎందుకు ఉన్నాయి? ఉలి దెబ్బను సరిచేయడానికే అవి వచ్చాయని చాలాకాలం అనుకున్నారు. సైన్‌బోర్డులు రాసిన అనుభవం ఉన్న ఎడ్వర్డ్ కాటిచ్ అనే అమెరికన్ మతగురువు ఆ శాసనాన్ని ఏళ్ల తరబడి పరిశీలించి, అక్షరాలను ముందు చదును కుంచెతో రాతి మీద రాసి ఆ తరువాతే చెక్కారని, సెరిఫ్ కుంచె మలుపులోంచి వచ్చిందని 1968లో వాదించారు. ఈ వాదాన్ని చదివి ఒప్పుకోనవసరం లేదు, పరీక్షించవచ్చు. చదును కుంచెను సుమారు 30 డిగ్రీల కోణంలో పట్టుకుని, ఆ కోణం మారకుండా ఒక సున్నా రాయండి. ఒకవైపు సన్నగా, ఒకవైపు లావుగా వచ్చి, ఆ లావు నిలువుగా కాక కొద్దిగా పక్కకు వాలి ఉంటుంది. తరువాత నిలువు గీత రాసి, చివర కుంచెను ఎత్తేముందు కొద్దిగా తిప్పండి. పాదం దానంతటదే ఏర్పడుతుంది. నిజానికి ఈ వ్యాసంలో ఒకే ఒక్క అభ్యాసం చేయగలిగే సమయం మీకుంటే, దీన్నే చేయమంటాను. తరువాతి లాటిన్ అచ్చక్షరాల్లోని లావు, సన్నాల లెక్క సగానికి పైగా ఈ కుంచెలోనే ఉంది.

చేతిరాత పుస్తకాల కాలం విస్తారమైనది, కానీ మొదటిసారి చదివేవారికి రెండు నమూనాలు చాలు. క్రీ.శ. 800 ప్రాంతపు కెల్స్ గ్రంథం అనే అలంకృత క్రైస్తవ సువార్తల ప్రతిలో ఒక్క మొదటి అక్షరమే పుటంతా ఆక్రమించగలదు. అక్కడ ఖర్చు భరించింది భక్తి, ప్రతి ఒక్కటే, తొందర ఎవరికీ లేదు. దాదాపు అదే కాలంలో పశ్చిమ యూరప్‌ను ఏలిన షార్లమేన్ రాజ్యంలో స్థిరపడిన కరోలింజియన్ చిన్నక్షరాలు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. విశాలమైన రాజ్యంలో ఒకచోట రాసినది మరోచోట చదవగలగాలి కాబట్టి అవి సాదాగా, విడివిడిగా, స్పష్టంగా ఉంటాయి. నేటి లాటిన్ చిన్నక్షరాలు వాటి మనవళ్లే.

ఇక అచ్చు. అచ్చు యూరప్‌లో మొదలైందని రాసే పుస్తకాన్ని అక్కడే మూసేయవచ్చు. చైనాలోని దున్‌హువాంగ్ గుహలో దొరికిన బౌద్ధ గ్రంథం వజ్ర సూత్రం చెక్క అచ్చుతో క్రీ.శ. 868లో ముద్రితమైంది, ఆ తేదీ చుట్టలోనే ఉంది. 1040ల్లో చైనాలోనే బీ షెంగ్ కాల్చిన మట్టితో విడి అక్షరాలు చేశాడు. కొరియాలో 1377లో లోహపు విడి అక్షరాలతో అచ్చయిన జిక్జి అనే బౌద్ధ గ్రంథం నేటికీ ఉంది. రబ్బరు ముక్క మీద ఒక చిన్న మాట, దాని పక్కన ఒక బొమ్మ కలిపి తిరగేసి చెక్కి అచ్చు వేయండి. అక్షరాన్నీ బొమ్మనూ ఒకే కత్తి చెక్కుతుంది గనుక రెండింటి గీత ఒకే మందంలో, ఒకే స్వభావంతో వస్తుంది. తూర్పు ఆసియా చెక్క అచ్చుల్లోని ఆ చూడముచ్చటైన కలగలుపు మూలం ఇదే. విడి అక్షరాల పద్ధతిలో ఈ సౌకర్యం పోతుంది, బొమ్మ వేరు, అక్షరం వేరు అవుతాయి. వాటిని మళ్లీ కలపడానికి డిజైనర్లు కొన్ని వందల ఏళ్లు తంటాలు పడ్డారు.

జర్మనీలోని మైన్జ్ నగరంలో గుటెన్‌బర్గ్ చేసిన అసలైన పని, ఒకే ఎత్తున, వేర్వేరు వెడల్పుల్లో అక్షరాలను వేలకొద్దీ పోతపోసేలా సర్దుబాటు చేసుకోగల పోత మూసను, సీసం, తగరం, ఆంటిమొని కలిసిన లోహాన్ని, లోహానికి అంటుకునే నూనె సిరాను ఒక్కచోటికి తెచ్చి ఉత్పత్తిగా నడిపించడం. 1455 ప్రాంతంలో పూర్తయిన ఆయన 42 పంక్తుల బైబిలు సుమారు 180 ప్రతులు అచ్చయింది. దాని పుటను చూస్తే అచ్చు పుస్తకమని అనిపించదు, చేతిరాత ప్రతి అనిపిస్తుంది. జంట అక్షరాలు, సంక్షిప్త గుర్తులు కలుపుకుని 290 దాకా వేర్వేరు అచ్చక్షరాలు చేయించింది, పంక్తుల చివరలు లేఖకుడు సరిచేసినట్టు సమంగా రావాలనే. ఎర్ర శీర్షికలు, అలంకారాలు చాలా ప్రతుల్లో చేత్తోనే వేశారు. కొత్త పనిముట్టు మొదట పాత పనిముట్టు బట్టలు తొడుక్కుని వస్తుందన్న మాట నోటుపుస్తకంలో రాసుకోండి, ఇది చరిత్ర పొడుగునా పదేపదే అవసరమవుతుంది. ఆ తరువాత ఈ కాలపు పుస్తకాల్లో ఏదైనా ఒక జంట పుటను ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తి, మూల నుంచి మూలకు గీతలు గీయండి. చాలాసార్లు అక్షరభాగం ఆ పుటకే చిన్న ప్రతిరూపంగా, దాని మూలలు ఆ గీతల మీదనే కూర్చుని కనిపిస్తాయి. లోపలి మార్జిన్ ఇరుకుగా, కింది మార్జిన్ అన్నింటికంటే విశాలంగా ఉంటుంది.

వెనిస్‌లో నికోలస్ జెన్సన్ 1470లో వాడిన రోమన్ అక్షరాలతో అచ్చు చేతిరాత నీడలోంచి బయటపడింది. 1501లో ఆల్డస్ మనూషియస్, ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన వాలు అక్షరాలతో, చేతిలో పట్టుకు తిరిగే చిన్న పుస్తకాలను వేశాడు. ఇటాలిక్ మొదట నొక్కి చెప్పడానికి పుట్టలేదు, పుస్తకమంతా దానితోనే అచ్చయింది. అక్కడి నుంచి గారమాండ్, కాస్లాన్ అనే అక్షరశిల్పుల మీదుగా నేరుగా 18వ శతాబ్దపు రెండో సగానికి రావచ్చు. ఇంగ్లండులో ముద్రాపకుడు బాస్కర్విల్ నునుపైన కాగితం, మరింత నల్లని సిరా కోసం శ్రమపడి 1757లో రోమన్ కవి వర్జిల్ గ్రంథాన్ని వెలువరించాడు. వెంట్రుకంత సన్నని గీత కాగితం మీద నిలవడం సాధ్యమయ్యాకే ఇటలీలో బొడోని, ఫ్రాన్సులో దిదో చేసిన అక్షరాల్లోని ఆ తీవ్రమైన లావు, సన్నాల తేడా వచ్చింది. ఇక్కడ వాలు లేదు, లావు నిటారుగా నిలబడింది. అంటే కుంచె చేతిలోంచి జారిపోయి, చెక్కే పదునైన సాధనం దాని స్థానం తీసుకుంది. మీరు రాసిన కుంచె సున్నా పక్కన బొడోని సున్నా గీసి చూసుకోండి.

డిజైన్ విద్యార్థులు అన్నింటికంటే ఎక్కువ చిన్నచూపు చూసేది 19వ శతాబ్దాన్ని. నా మటుకు నాకు అదే అత్యంత రసవత్తరమైన భాగం. అప్పటిదాకా అక్షరం చేతిదూరంలో చదివే పుస్తకానికి పుట్టింది. ఇప్పుడు వీధి అవతలి నుంచి మనిషిని ఆపవలసి వచ్చింది. ఖర్చు పెట్టేది రాజో మఠమో కాదు, సరుకు అమ్ముకునే వర్తకుడు. అక్షరాలు బలిశాయి, పాదాలు దిమ్మల్లా మారాయి, 1816లో అక్షరాలు పోసి అమ్మే నాలుగో విలియం కాస్లాన్ మచ్చు పుస్తకంలో అసలు పాదాలే లేని అక్షరాలు, అంటే సాన్స్ సెరిఫ్, మొదటిసారి ఒక్క పంక్తిగా కనిపించాయి. సీసంతో పోసిన పెద్ద అక్షరాలు బరువు, ఖరీదు రెండూ ఎక్కువ గనుక, 1827లో డారియస్ వెల్స్ న్యూయార్క్‌లో చెక్క అక్షరాలను యంత్రంతో కోయడం మొదలుపెట్టాడు. ఆ కాలపు ప్రకటనల్లో ఒక్కో పంక్తి ఒక్కో రకం అక్షరంలో ఉండటం చూసి అభిరుచి లోపమని అనుకోవద్దు. ప్రతి పంక్తి రెండు అంచులనూ తాకాలి. చిన్న మాటకు వెడల్పు అక్షరం, పెద్ద మాటకు ఇరుకు అక్షరం కావాలి. అక్షరాలు పేర్చే కంపోజిటర్ తన అరల్లో ఏది పట్టితే అది ఎత్తి పెట్టాడు.

ఇదే కాలంలో మరో దారి తెరుచుకుంది. 1790ల చివరలో సెనెఫెల్డర్ కనిపెట్టిన లితోగ్రఫీ, అంటే రాతి మీద జిడ్డు సిరాతో గీసి అచ్చు తీయడం, అక్షరాన్ని చతురస్రపు సీసపు దిమ్మ నుంచి విడిపించింది. రాతి మీద గీసేవాడికి అక్షరమూ బొమ్మే. జూల్స్ షెరె, 1891లో మూలాన్ రూజ్ పోస్టరుతో తులూజ్ లోత్రెక్, ఆ తరువాత మూషా చేసిన పారిస్ పోస్టర్లలో అక్షరాలు వంగి, బొమ్మ చుట్టూ అల్లుకోవడానికి మొదటి కారణం ఈ రాయి, రెండో కారణం అప్పుడు పారిస్‌లో అందరూ ఎగబడి కొన్న జపాన్ చెక్క అచ్చు బొమ్మలు. ఒక చిన్న ప్రకటన రాసుకుని రెండుసార్లు చేయండి: మొదట అక్షరాలను దీర్ఘచతురస్రాల్లో కత్తిరించి వరసల్లో పేర్చి, తరువాత కుంచెతో ఇష్టమొచ్చినట్టు రాసి. ఒకే మాటలు, రెండు శతాబ్దాల తేడా ఉన్నట్టు కనిపిస్తాయి.

1891లో విలియం మోరిస్ కెల్మ్‌స్కాట్ ముద్రణాలయం పెట్టి, యంత్రం చవకబారుతనానికి విరుగుడుగా మళ్లీ చేతి కాగితానికి, చేతి మరకు వెళ్లాడు. ఆయన రోగాన్ని సరిగ్గా గుర్తించాడు, మందు మాత్రం సంపన్నులకే అందింది. 1907 నుంచి బెర్లిన్‌లో ఏఈజీ విద్యుత్ సంస్థకు పీటర్ బెరెన్స్ చేసినది ఇందుకు ఎదురు మార్గం: యంత్రాన్ని ఒప్పుకుని, చిహ్నం నుంచి కర్మాగారం భవనం దాకా ఒకే చూపుతో తీర్చడం.

ఇక్కడి నుంచి మన నాలుగు ప్రశ్నలు సరిపోవు. 1909 తరువాతి ఉద్యమాల్లో పనిముట్టు దాదాపు మారలేదు. వేగాన్నీ యంత్రాన్నీ కీర్తించిన ఇటలీ ఫ్యూచరిస్టులు పంక్తులను చెల్లాచెదురు చేసినదీ, కాస్లాన్ వారసులు వరసలు పేర్చినదీ అవే సీసపు అక్షరాలతో. మారింది ఉద్దేశం. అందుకే ఐదో ప్రశ్న చేర్చుకోండి: వీరు ఎవరిని కాదంటున్నారు? రష్యన్ కళాకారుడు ఎల్ లిసిట్‌స్కీ 1919–20లో ఎర్ర త్రికోణం తెల్ల వృత్తాన్ని చీల్చేలా పోస్టరు వేసినప్పుడు రష్యా అంతర్యుద్ధంలో ఒక పక్షాన నిలబడ్డాడు. అదే సమయంలో బొమ్మ అంటే మనిషినో వస్తువునో చూపాలన్న పాత నియమాన్నీ కాదన్నాడు. జర్మనీలో 1919లో వైమార్‌లో మొదలై, 1925లో డెస్సావుకు, 1932లో బెర్లిన్‌కు మారి, 1933లో మూతపడిన డిజైన్ పాఠశాల బౌహౌస్‌లో హెర్బర్ట్ బాయర్ 1925లో పెద్దక్షరాలే అక్కర్లేదన్నాడు. ప్రతి నామవాచకానికీ పెద్దక్షరం పెట్టే జర్మన్ భాషలో ఆ మాట ఎంత గట్టి ధిక్కారమో ఊహించండి.

ఈ దశకు జర్మన్ డిజైనర్ యాన్ చికోల్డ్ ఒక్కడి జీవితమే పాఠ్యపుస్తకం. 1928లో కొత్త టైపోగ్రఫీ, అంటే అక్షరాలను పుట మీద సర్దే కొత్త పద్ధతి, మీద పుస్తకం రాసి, మధ్యకు సర్దిన శీర్షిక పుటలు కాలం చెల్లినవని, సాన్స్ సెరిఫే నేటి అక్షరమని తీర్పు చెప్పాడు. 1933లో నాజీలు అరెస్టు చేయగా, విడుదలయ్యాక స్విట్జర్లాండుకు వెళ్లిపోయాడు. తరువాత తన పాత పట్టుదలలోనే నియంతల ఆజ్ఞల వాసన ఉందని భావించి సంప్రదాయ పద్ధతికి మళ్లాడు, 1947 నుంచి 1949 వరకు పెంగ్విన్ పుస్తకాలను చక్కటి సౌష్ఠవంతో తీర్చిదిద్దాడు. ఒకే శీర్షిక పుటను ఆయన రెండు దశల్లోనూ రాసి ఉంటే ఎలా ఉండేదో మీరు రెండు కాగితాల మీద చేసి చూడండి. రెండూ బాగుంటే పాఠం సగం వచ్చినట్టే. ఇదే కాలానికి చెందిన హ్యారీ బెక్ లండన్ భూగర్భ రైలు పటం 1933లో వచ్చింది. నిలువు, అడ్డం, 45 డిగ్రీల గీతలు తప్ప మరేవీ వాడకుండా మీకు తెలిసిన దారి ఒకటి గీయండి. దూరాన్ని అబద్ధమాడితేనే దారి స్పష్టమవుతుందని తెలుస్తుంది.

యుద్ధానంతర స్విస్ శైలిని కళ్లతో కాక స్కేలుతో చదవాలి. 1957లో ఫ్రూటిగర్ చేసిన యూనివర్స్ అనే సాన్స్ సెరిఫ్ అక్షరాలు వచ్చాయి. అదే ఏడాది మీడింగర్, హాఫ్‌మన్ కలిసి తెచ్చిన అక్షరాలకు 1960లో హెల్వెటికా అని పేరు పెట్టారు. యోసెఫ్ ముల్లర్ బ్రోక్‌మన్ జూరిక్ సంగీత సభల కోసం చేసిన పోస్టర్ల మీద ట్రేసింగ్ కాగితం పరిచి అక్షరాల అంచులన్నీ నిలువుగా, అడ్డంగా పొడిగించండి. కనిపించని గళ్లు బయటపడతాయి. ఈ శైలి తటస్థమైనదని దాని సమర్థకులు అనేవారు. నేను ఒప్పుకోను. పాల్ రాండ్ ఐబీఎంకు 1956లో గుర్తు చేసి, 1972లో దాన్ని ఎనిమిది చారలుగా మార్చిన కాలానికి, ఈ తటస్థతే పెద్ద సంస్థల ముఖకవళికగా మారింది.

తిరుగుబాట్లలో మళ్లీ పనిముట్టు ముందుకు వస్తుంది. ఫోటో టైప్‌సెట్టింగులో అక్షరానికి సీసపు దిమ్మ లేదు, ఫిలిం మాత్రమే ఉంది. అందుకే 1960లు, 70ల ప్రకటనల్లో అక్షరాలు ఒకదాన్నొకటి తాకేంత దగ్గరగా జరిగాయి. వెస్ విల్సన్ 1966 ప్రాంతపు సంగీత పోస్టర్లలో అక్షరాలను కరిగించి కావాలనే చదవడం కష్టం చేశాడు. జేమీ రీడ్ 1977లో పత్రికల నుంచి చించిన అక్షరాలతో పంక్ అనే తిరుగుబాటు సంగీతానికి దాని రూపాన్ని తెచ్చాడు. 1984లో మాకింటోష్ కంప్యూటరు, మరుసటి ఏడాది లేజర్ ప్రింటరు, పుటలు సర్దే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ వచ్చాక కంపోజింగ్ గది, డిజైనర్ బల్ల ఒకటైపోయాయి. చాలామంది ఆ ముతక తెర మీద పాత అక్షరాలను అనుకరించబోయి విఫలమవుతుంటే, జుజానా లిచ్కో చుక్కల పరిమితినే రూపంగా తీసుకుని అక్షరాలు చేసింది. సూసన్ కేర్ గళ్ల కాగితం మీద 32 అడ్డం, 32 నిలువు గళ్లు నింపుతూ మాకింటోష్ తెర మీది చిన్న గుర్తులు, అంటే ఐకాన్లు, గీసింది. మీరూ గళ్ల కాగితం మీద ఒక అక్షరం నింపి, మొదటి రోజు మట్టి మీద అద్దిన గుర్తు పక్కన పెట్టి, రెండింటికీ నాలుగు జవాబులు రాయండి.

ఇదంతా పూర్తయ్యాక ఒక స్నేహితుడిని పిలిచి, తేదీ కనిపించకుండా కప్పిన పది నమూనాలు మీ ముందు పెట్టమనండి. ఒక్కోదానికి దశాబ్దం అంచనా వేసి, ఆ అంచనాకు కారణంగా శైలి పేరు కాక, కాగితం, సిరా, అక్షరాల మధ్య దూరం, అంచుల తీరు వంటి ఒక భౌతిక ఆనవాలు రాయండి. తప్పినవాటిని ఎక్కడ తప్పారో చూసుకుని ఆ కాలపు అభ్యాసాన్ని మళ్లీ చేయండి. కావాలనే పాతకాలపు రూపంలో చేసిన నమూనా ఒకటి ఆ పదిలో కలపమని కూడా చెప్పండి; అది పట్టుబడేది సాధారణంగా అక్షరాల మధ్య దూరం దగ్గరే.